గుణదలనుండి నూజివీటి దారి



బెజవాడనుండి ఏలూరివైపు పోవు పెద్దబాటమీద గుణదల యను గ్రామ మొకటి కలదు. గ్రామమని అలవాటుచొప్పున అంటినిగాని, అది నగరములో కలిసిపోయి చాలకాలమైనది. ఆ గుణదల కొండమీద నిలిచి చూచువారికి తూర్పుపడమరలుగా సాగిన నాలుగు గీతలు కానవచ్చును. మొదటిది ఏలూరు రోడ్డు. రెండవది ఏలూరు కాలువ. మూడవది చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రైలుమార్గము. నాలుగవది బుడమేరు. ఈ నాలుగింటిలో మూడు మనుష్యులు వేసినవి, ఒకటి దైవము వేసినది. నేడు నేను మనవి చేయదలచినది ఆ నాలుగింటిని గూర్చి కాదు. వానిని అడ్డముగా దాటి, నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీటికి పోవు అయిదవ గీతను గూర్చి. దాని పొడవు సుమారు ఇరువదియైదు మైళ్లు, నేటి కొలతలో 40 కిలోమీటర్లు.

ఇంత చిన్న దారికి చరిత్ర యేమి కలదని కొందరు అడుగవచ్చును. రాజులు దండెత్తి వచ్చిన బాటలకును, దొరలు వజ్రములు మోసికొనిపోయిన బాటలకును పుస్తకములున్నవి. వడ్ల బస్తాయు, మామిడిగంపయు, పురిటినొప్పులు పడు ఆడుదియు పోయిన బాటలకు పుస్తకములు లేవు. అయినను ఒక జిల్లాలో నీరు ఎవరికి దక్కినది, రైలు ఎవరికి దక్కినది, ఏమియు దక్కనివారు ఎట్లు బ్రతికిరి యను లెక్క తీయవలెనన్నచో, ఇట్టి చిన్న దారియే మంచి సాక్షి. కృష్ణాజిల్లాలో పల్లమునకు కాలువ వచ్చినది. కాలువ ప్రక్కను రైలు వచ్చినది. మెట్టకు దారి మాత్రమే మిగిలినది. ఆ దారియైనను ఆలస్యముగా వచ్చినది.

ముందుగా ‘రహదారి’ యను మాటను గూర్చి ఒక ముక్క చెప్పెదను. దీనిని మనము నేడు గౌరవముగా పెద్దరోడ్డునకు వాడుచున్నాము. ఇది పారసీకమునుండి వచ్చిన మాట. మొగలాయీల కాలమున రహదారీ యనగా బాటసారియొద్దను, వర్తకునియొద్దను దారిలో వసూలుచేయు సుంకము. తెలుగునాట అదే మాట దారిన పోవుటకిచ్చు అనుమతిచీటికిని వాడుకలో నుండెను. దారి అనిన అడ్డగింపు, చీటి, రొక్కము అని మన పూర్వులకు తోచుచుండెనన్నమాట. కంపెనీవారి దొరతనమునను ఈ లోనాటి సుంకములు చిరకాలము సాగినవి. మద్రాసు రాజధానిలో వానిని 1844వ సంవత్సరమున ఎత్తివేసిరి. అప్పటివరకు ఒక తాలూకా ధాన్యము మరియొక తాలూకాకు పోవుటకు దారి లేకపోవుట యొక ఆటంకము, దారి ఉన్నచోట సుంకపుచావడి ఉండుట మరియొక ఆటంకము.

బెజవాడకు పాతకాలపు బాటలు లేకపోలేదు. పదునేడవ శతాబ్దమున మచిలీబందరు గొప్ప రేవు. ఇంగ్లీషువారు 1611లో అచ్చట కొట్టు పెట్టిరి. డచ్చివారు అంతకుముందే వచ్చియుండిరి. గోలకొండకును బందరునకును నడుమ అద్దకపు బట్టలును, వజ్రములును, ఇనుమును నిత్యము నడచుచుండెను. టావర్నియే యను ఫ్రెంచి వజ్రవర్తకుడు 1652లో బందరునుండి గండికోటకు పోవుచు బెజవాడమీదుగా పోయెను. ఆ పేరును తన నోటికి వచ్చినట్లు వ్రాసికొని, ఇచ్చటి దేవాలయమును మెచ్చుకొనెను. ఇక చెన్నపట్టణమునుండి నెల్లూరు, ఒంగోలు, బెజవాడ, ఏలూరు, రాజమహేంద్రవరముల మీదుగా కలకత్తాకు పోవు ఉత్తరపు బాట యొకటి. ఈ రెండును రేవులను, రాజధానులను కలుపు బాటలు. నూజివీటివైపు పోవుటకు అట్టి నిమిత్త మేదియు లేకుండెను. అచ్చట రేవు లేదు, గని లేదు. మేకా వంశపు అప్పారావుల జమీ యుండెను, కోట యుండెను, చెరువు నమ్ముకొన్న పల్లెలుండెను. బండిజాడలే బాట. వానకాలమున బుడమేరు పొంగినచో ఆ జాడయు లేదు.

దారులు లేకపోవుటవలని హాని యెంతటిదో 1832–33లో తెలిసినది. నందననామ సంవత్సరపు కరువని, డొక్కలకరువని మీరు పెద్దలవలన వినియుందురు. గుంటూరు సీమలో అయిదులక్షల జనములో లక్షన్నరకు తక్కువకాకుండ నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. దేశమున గింజలు బొత్తిగా లేక అందరు చావలేదు. గింజ ఉన్నచోటినుండి లేనిచోటికి చేరక చచ్చినవారు పెక్కుమంది. ఎద్దుబండి దినమునకు పదిపండ్రెండు మైళ్లు నడచును. ఆ ఎద్దులకు దారిలో మేత కావలెను, నీరు కావలెను. కరువున ఆ రెండును లేవు. ఎద్దు పడిపోయిన చోటనే ధాన్యము నిలిచిపోయెను.

ఆ తరువాత ఇరువది సంవత్సరములకు దొరతనమువారికి కన్ను తెరువబడెను. చెన్నపురి రాజధానిలోని రోడ్లు, కాలువలు, చెరువుల స్థితినిగూర్చి విచారించిన కమీషనర్లు 1852లో తమ నివేదికను ఇచ్చిరి. ఆ వాదములలో ఆర్థరు కాటను దొర మాట ముఖ్యమైనది. ఆయనకు రోడ్డుకంటెను రైలుకంటెను కాలువమీద నమ్మకము మెండు. ఒక కాలువ త్రవ్వినచో నీరును వచ్చును, పడవయు నడచును, ఒక ఖర్చుతో రెండు పనులగును అని ఆయన లెక్క. పల్లపుసీమకు ఆ లెక్క సరిపోయినది. బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట 1852లో మొదలై 1855లో ముగిసెను. కాటను సంకల్పమును పనిలోపెట్టి నడపినవాడు కాప్టెన్ ఆర్. రెండు ప్రక్కలను కొండలుండుటచే రాయి చేతికందినట్లుండెను. ఆనకట్టనుండి బయలుదేరిన కాలువలలో బందరు కాలువయు, రైవిసు కాలువయు, ఏలూరు కాలువయు బెజవాడ నడిమినుండియే పోవుచున్నవి.

గుణదలలో నేటికిని ఒక కూడలిని ‘పడవలరేవు’ అందురు. ఇప్పుడచ్చట పడవయు లేదు, రేవును లేదు. బస్సులు, ఆటోలు మాత్రమున్నవి. కాని ఆ పేరు వట్టిది కాదు. ఏలూరు కాలువ ఏలూరియొద్ద గోదావరి కాలువలతో కలిసినది. కృష్ణకు ఆవలి ఒడ్డున కొమ్మమూరు కాలువ బకింగుహాము కాలువతో కలిసినది. కాకినాడనుండి చెన్నపట్టణమువరకు పడవకు నీటిదారి యేర్పడెను. వడ్లు, బెల్లము, ఉప్పు, కలప, పెండ్లివారు, నాటకసమాజములవారు అందరును పడవలమీదనే పోయిరి. పడవను గట్టుమీదినుండి మనుష్యులే త్రాటితో లాగుచుండిరి. గాలి అనుకూలించినపుడు తెరచాప ఎత్తుచుండిరి. ఒక పడవలోని సరుకు బండ్లకెత్తినచో ఎన్నో బండ్లు కావలెను. ఇంత చౌకగా సరుకు పోవుచుండగా, ఇక పల్లమున రోడ్లు వేయుట ఎందుకని అధికారులు అనుకొన్నచో ఆశ్చర్యము లేదు. కాలువగట్టే రోడ్డు. మన డెల్టాలో పలు రోడ్లు నేటికిని కాలువ వంకరలు తిరిగినట్లే తిరుగుటకు కారణమిది.

కాని కాలువకు ఒక ధర్మము కలదు. అది పల్లమునకు పోవును, మెట్ట ఎక్కదు. గుణదలకు ఉత్తరమున బుడమేరు దాటిన పిదప నేల మెల్లగా లేచుచు నూజివీటివైపు ఎఱ్ఱనేలయగును. కాటనుదొర నీరు ఆ గట్టు ఎక్కలేదు. నీరు ఎక్కకపోవుటతో పడవయు ఎక్కలేదు. కాలువ యున్నదని పల్లమున రోడ్డు ఆలస్యమైనది. పల్లము రాబడి గలదని రోడ్ల ఖర్చు అచ్చటనే మొదలైనది. రెండు విధములను మెట్టవాని వంతు వెనుకబడెను.

రైలు విషయమునను అంతియే. నైజాము రైలు 1889లో బెజవాడ చేరినది. బెజవాడనుండి కటకమువరకు తూర్పుతీరపు రైలుమార్గము 1893 మొదలు 1896 వరకు గల సంవత్సరములలో ముగిసెను. ఆ మార్గము గుణదలమీదుగా కాలువ పొంతనే ఏలూరికి పోయెను. సమతలమైన నేల, బస్తీలు, సరుకు అన్నియు అచ్చటనే ఉన్నవి గదా. నూజివీటికి స్టేషను లేకపోలేదు. ఆ పేరుగల స్టేషను హనుమాను జంక్షనులో ఉన్నది! ఊరికి సుమారు పదిమైళ్లు. టిక్కెట్టుమీద నూజివీడని చూచి దిగిన క్రొత్తవాడు ఊరెక్కడ అని అడుగును, మరల బండికట్టించుకొనును. ఒక ఊరికి రైలు పేరు మాత్రమిచ్చి రైలు ఇయ్యకపోవుట వింతయేగాని, మన దేశమున ఇట్టివి ఇంకను కొన్ని కలవు.

ఇక దారి ఎవరు వేయవలెను? 1871వ సంవత్సరపు లోకల్ ఫండు చట్టముతో రోడ్లకు, ఆసుపత్రులకు, బడులకు భూమిమీద ప్రత్యేకముగా ఒక పన్ను ఏర్పడెను. శిస్తు రూపాయకు ఒక అణావరకు. 1884 చట్టముతో జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు వచ్చినవి. జమీందారీ గ్రామములలో ఈ పన్నును జమీందారు చెల్లించి సగభాగమును రైతుయొద్ద రాబట్టుకొనుచుండెను. అనగా నూజివీటి సీమరైతు దారికొరకు పన్నునిచ్చెను. దారి వచ్చినదా? కంకరరోడ్డు ముక్కలు ముక్కలుగా వచ్చెను. కంకర పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసకొట్టి, రోలరు త్రిప్పి ఓవర్సీయరు పోయెను. మరుసటి వానకు నల్లరేగడిలో కంకర దిగబడెను. ఇనుపకమ్ముల బండిచక్రము కత్తివలె కోయును. మెట్టసీమలో మొరము దొరకుటచే ఆవలిభాగము కొంత నిలిచినది. బుడమేటి ప్రక్క నల్లనేలలోని భాగము మాత్రము ఎప్పుడును రోగియే.

రోడ్డు ఖర్చునకు టోలుగేట్లు కూడ ఉండెను. బండికి ఇంత, గుఱ్ఱమునకు ఇంత అని పాటపాడుకొన్న కంట్రాక్టరు గేటు దించి వసూలుచేయుచుండెను. మోటార్లు వచ్చిన పిదప ఈ గేట్లు పెద్ద పీడ యైనవి. 1931లో మద్రాసు శాసనసభ మోటారుబండ్లపై పన్నుచట్టము చేసి, గేట్లను ఎత్తివేసి, బోర్డులకు ఆ నష్టము పూరించుటకు ఏర్పాటు చేసెను. బండివాడు ఊపిరి పీల్చుకొనెను. ఆ గేట్లు మరల రావని మన తాతలు అనుకొనియుందురు. అదే కలకత్తాబాటమీద గన్నవరము దాటిన పిదప పొట్టిపాడుయొద్ద నేడు టోలుగేటున్నది. పేరుమాత్రము ప్లాజా. రహదారి యను మాట తన పాత యర్థమును మరువలేదని నాకు తోచుచుండును.

మోటారుబస్సు ఈ దారికి చేసిన మేలు కాలువ, రైలు చేయనిది. బస్సునకు నీటిమట్టము అక్కరలేదు, స్టేషను అక్కరలేదు. చెయ్యెత్తినచోట ఆగును. ఇది పైకి చిన్నమాటవలె కనబడును. స్టేషనునకు పదిమైళ్లు నడచువానికి ఇది చిన్నమాట కాదు. అయితే బస్సునకు గట్టి రోడ్డు కావలెను. 1927లో జయకరుగారి అధ్యక్షతన నియమింపబడిన సంఘము రోడ్ల భారము జిల్లాబోర్డులు మోయలేవని తేల్చెను. 1929లో పెట్రోలు గాలను ఒకటికి రెండణాలు అదనపు సుంకము వేసి, ఆ సొమ్ముతో కేంద్ర రోడ్డునిధి ఏర్పరచిరి. దారిమీద నడచు యంత్రమే దారికి సొమ్ము తెచ్చునట్టి ఏర్పాటు ఇట్లు మొదలైనది.

తరువాత 1943లో నాగపూరున ఇంజనీర్లు కూడి దేశమునంతటికి ఇరువది సంవత్సరముల రోడ్డుపథకము వ్రాసిరి. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లారోడ్లు, గ్రామరోడ్లు అను వర్గములు మనకు అప్పుడు వచ్చినవి. ఇది మీకు సంబంధించిన విషయము గనుక కొంచెము నిలిచి చెప్పెదను. ఏ ప్రాంతమునకు ఎన్ని మైళ్ల పెద్దరోడ్డు కావలెనో తేల్చుటకు వారొక సూత్రము కట్టిరి. సాగుభూమి అయిదు చదరపు మైళ్లకు ఒక మైలు. సాగులేని భూమి ఇరువది చదరపు మైళ్లకు ఒక మైలు. రెండువేలకు మించిన ఊళ్లకును, అయిదువేలకు మించిన ఊళ్లకును వేరుగా కొన్ని మైళ్లు. భవిష్యద్వృద్ధికొరకు కొంత. ఈ మొత్తమునుండి రైలుమార్గమున్నంత మేర తీసివేయవలెను.

లెక్క న్యాయముగానే కనబడును. పంట ఉన్నచోట బండ్లుండును, బండ్లున్నచోట దారి ఉండవలెను. కాని దీనిని త్రిప్పి చదువుడు. దారి లేకపోవుటచేతనే బీడుగా మిగిలిన భూమికి, బీడన్న కారణముననే దారి నాలుగవవంతు అగును. మామిడితోట పెట్టినవాడు పండును ఒకటి రెండు దినములలో అమ్మకానికి చేర్చవలెను. చేర్చుటకు దారి లేనిచో తోటయే పెట్టడు. తోట లేనిచో భూమి సాగు కాదు. సాగు కానిచో దారి రాదు. ఈ చక్రమును ఎక్కడో ఒకచోట త్రెంపవలెను. నూజివీటి సీమలో దానిని రైతులే తోటలు ముందు పెట్టి త్రెంపిరని నా అభిప్రాయము. ఎఱ్ఱనేలకు మామిడి సరిపడినది. బండ్లలో గడ్డి పరచి, కాయ పేర్చి, రాత్రి చల్లదనమున బయలుదేరి తెల్లవారునప్పటికి బెజవాడ చేరుట వారి వాడుక. రసము పండినచో ఆగదు గదా. సూత్రము ప్రకారము రోడ్డు వచ్చువరకు కాయ ఆగినచో నూజివీడు చిన్నరసమును మనము ఎరుగకయే యుందుము.

ఆ దారినే దిగివచ్చిన మరియొక సరుకును చెప్పక తప్పదు. నూజివీటి వీణ. పనసకొయ్యను తొలిచి, మేళములు కూర్చి వీణలుచేయు కుటుంబములు అచ్చట తరతరములుగా కలవు. వీణను బండిలో తెచ్చుట మామిడికాయను తెచ్చుటకంటె కష్టము. ఒక గోతిలో చక్రము పడినచో చాలును. ఇంజనీరునకు రోడ్డు బాగోగులు తెలిసికొనుటకు ఇంతకంటె నమ్మదగిన కొలబద్ద లేదని ఒకప్పుడు నేను వేళాకోళముగా అంటిని.

దారికి ఉత్సవముల సందడియు కలదు. గుణదల కొండమీద 1924లో ప్రతిష్ఠింపబడిన మేరీమాతకు ఏటేట ఫిబ్రవరి నెలలో మూడుదినములు తిరునాళ్లు జరుగును. మతభేదము లేక లక్షలమంది వత్తురు. ఆవల ఆగిరిపల్లిలో శోభనాచలముమీద నృసింహస్వామికి రథసప్తమి ఉత్సవము. తరచుగా ఈ రెండును ఒకదానివెనుక ఒకటిగా, కోతలయిన పిదప రైతుచేతిలో నాలుగు డబ్బులున్నపుడు వచ్చును. దారి ఆ దినములలో బాగుపడును. మిగిలిన దినములలో దానిని కనిపెట్టియుండువారు తక్కువ.

మద్రాసు రాష్ట్రమున రహదారులశాఖ 1946లో ప్రత్యేకముగా ఏర్పడెను. 1948వ సంవత్సరపు చట్టముతో జమీలు రద్దయి రైతువారీ వచ్చినది. దీనికిని దారికిని సంబంధమేమనరాదు. జమీందారీ గ్రామములలో పుంతలు, డొంకలు ఎవరివో, ఎంత వెడల్పో తేల్చుటకు సర్వే కావలసివచ్చెను. డొంకకు ఇరువైపుల రైతులు ఏటికొక చాలు చొప్పున లోపలికి దున్నుకొని వచ్చిన చోట్ల రెండుబండ్లు ఎదురుపడినచో ఒకటి వెనుకకు పోవలసినట్టి స్థితి యుండెను. సర్వేరాళ్లు పాతిన పిదప గొడవలు వచ్చినవిగాని వెడల్పు మిగిలినది. నేడు రోడ్డుకొరకు అర ఎకరమునకు లక్షలు చెల్లించుచున్న దినములలో ఆ మిగిలిన వెడల్పు విలువ యెంతో మీరే లెక్కవేసికొనుడు.

1957లో ప్రకాశము బ్యారేజి పూర్తియైనది. అంతకుముందు బెజవాడయొద్ద కృష్ణను దాటుటకు రైలువంతెనయే గాని రోడ్డువంతెన లేకుండెను. బల్లకట్టుమీద మోటార్లు దాటుచుండెను. బ్యారేజిమీద రోడ్డు పడుటతో నూజివీటినుండి బయలుదేరిన లారీ దిగకుండ గుంటూరు చేరగలిగెను. 1958లో రాష్ట్ర రోడ్డురవాణా సంస్థ ఏర్పడెను. 1959లో జిల్లాబోర్డుల స్థానమున జిల్లాపరిషత్తులు వచ్చినవి. దారి తారురోడ్డై, కాలక్రమమున రాష్ట్ర రహదారుల పట్టికకు ఎక్కెను. పేర్లు మారుట యిచ్చట వింత కాదు. గుణదలముందరి కలకత్తాబాట మొదట ట్రంకురోడ్డు, తరువాత 5వ నంబరు జాతీయ రహదారి. అటుపిమ్మట జాతీయ రహదారి నగరమధ్యమును విడిచి రామవరప్పాడుయొద్ద కలియునట్లు మారినందున, గుణదలలోని ముక్క పట్టణపు వీధియైనది. 2010లో జాతీయ నంబర్లన్నియు మార్చినపుడు 5 పోయి 16 వచ్చెను.

ఇప్పుడు బుడమేటిని గూర్చి చెప్పవలెను. మైలవరముప్రక్క కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఈ యేరు ఎండకాలమున కోడిపిల్ల దాటునంత. వానకాలమున ఒక్క రాత్రిలో నది. వెలగలేరుయొద్ద రెగ్యులేటరు కట్టి, దాని వరదను కృష్ణలోనికి మళ్లించు కాలువ త్రవ్విరి. మళ్లింపునకు మించినది పాతదారినే బెజవాడ ఉత్తరభాగమునకు వచ్చును. ఎనికేపాడుయొద్ద దానిని ఏలూరు కాలువ క్రిందుగా సొరంగముద్వారా పంపుదురు. నాలుగు గీతలలో దైవము వేసినదానిని మనుష్యులు వేసినదాని క్రిందికి దూర్చిరన్నమాట. మామూలు వానలకు ఈ ఏర్పాటు చాలును.

పాత బండిదారి బుడమేటిని ఎట్లు దాటెడిది? దిగి, నీటిలో నడచి, ఎక్కెడిది. నీరెక్కువైనచో ఆగెడిది. ఏరు దారికి ఎదురు కాలేదు, దారి ఏటికి అడ్డు కాలేదు. తరువాత రోడ్డును ఎత్తుచేసి వంతెన కట్టిరి. ఎత్తుచేసిన రోడ్డు పొడవున కట్టయే. దానికి తగినన్ని తూములు లేనిచో నీటికది చెరువుగట్టు. రోడ్డు బాగుపడిన కొలది దానికి ఇరువైపుల ఇండ్లు వచ్చెను. సింగునగరు, పాయకాపురములవైపు బుడమేటి పల్లమంతయు పేటలైనవి. రోడ్డు మంచిదగుటచేతనే జనము అచ్చట చేరిరి. ఏటి పోరంబోకు ఎంత మేరయో ఎరిగిన పెద్దలు ఉన్నను, అడిగినవారు తక్కువ.

2005లో ఒకసారి వరద వచ్చి హెచ్చరించెను. 2024వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీని కురిసిన కుంభవృష్టికి బుడమేటికట్టకు మూడుచోట్ల గండ్లు పడినవి. సెప్టెంబరు 1వ తేదీనాటికి బెజవాడ ఉత్తరభాగము సముద్రమైనది. అదే సమయమున కృష్ణయు పొంగి, ప్రకాశము బ్యారేజి వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కులు ప్రవహించెను. అంతకుముందెన్నడును అంత నీరు అచ్చట లెక్కకు రాలేదు. కృష్ణ నిండియున్నపుడు బుడమేరు అందులోనికి పోజాలదు. నున్నవైపు దారులు నీట మునిగినవి. జనము మేడలమీద దినములతరబడి అన్నపుపొట్లములకొరకు ఎదురుచూచిరి. సైనికుల సహాయముతో కొన్నిదినములకు గండ్లు పూడ్చిరి. ఇరువదియొకటవ శతాబ్దమున, రాష్ట్రమునకు నడిబొడ్డయిన నగరమున, నూజివీటి దారి మొదటి నాలుగుమైళ్లు తాతలనాటివలె ఏటికి లోబడెను. తాతలనాడు మాత్రము ఆ పల్లమున ఇండ్లు లేవు.

మీ ఊళ్లలో రోడ్డు ఎత్తుచేయునప్పుడు ఇంజనీర్లు వత్తురు. వారు నేలమట్టము కొలుచు యంత్రము తెత్తురు. అది ఆనాటి మట్టమును చూపును. ఏ సంవత్సరమున నీరు ఎంతవరకు వచ్చెనో, ఏ వాగు ఏ చేనిలోనుండి మరలెనో అది చూపదు. అది మీకే తెలియును. తూము ఎక్కడ పెట్టవలెనో అడుగకున్నను చెప్పుడు. కంట్రాక్టరు బిల్లు వ్రాసికొని పోయిన పిదప చెప్పిన లాభము లేదు.

మెట్టసీమ కాలువకొరకు కనిపెట్టుకొనియుండెనని ముందు చెప్పితిని. నాగార్జునసాగరము ఎడమకాలువ 1967 తరువాత జిల్లా మెట్టలో కొంతభాగమునకు అందెను, అదియు చివరిభూములు కాబట్టి నీరు అందీ అందనట్లు. ఆ పిమ్మట 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీరు పోలవరము కుడికాలువలో పారి కృష్ణకు చేరెను. ఆ కాలువ ఏలూరివైపునుండి వచ్చి, మన నూజివీటి దారిని అడ్డముగా దాటి, బుడమేటి మళ్లింపుకాలువద్వారా కృష్ణలో పడుచున్నది. నూట అరువదేండ్లకు ఈ దారికి ఒక కాలువ ఎదురువచ్చినది! కాని ఆ నీరు ముఖ్యముగా కృష్ణాడెల్టాకొరకు తెచ్చినది. మెట్టరైతు వంతెనమీద నిలిచి, తన ఊరిమీదుగా పల్లమునకు పోవు నీటిని చూచుచున్నాడు. డెల్టాకు నీరు రావలదని నేననను. నేనును డెల్టా అన్నము తిన్నవాడనే. అయినను ఆ వంతెనమీద బస్సు ఆగినపుడు ప్రక్కనున్న పెద్దమనిషి కాలువవైపు చూచి యొకమాటయు అనకపోవుట నేను గమనించితిని.

2022 ఏప్రిల్ 4వ తేదీని జిల్లాలు విభజించినపుడు గుణదల ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉండెను. ఆగిరిపల్లి, నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినవి. బందరు కచ్చేరీకి తిరిగినవారు ఇప్పుడు ఏలూరు కచ్చేరీకి తిరుగుదురు. దారి మాత్రము బెజవాడకే పోవుచున్నది, జనమును బెజవాడకే పోవుచున్నారు. ఒక దారి రెండు జిల్లాల ఇంజనీర్ల చేతిలో పడినపుడు సరిహద్దుయొద్ద తారు ఎక్కడ ఆగిపోవునో చూచువారికి తెలియును.

ఇటీవల చిన్నఅవుటపల్లినుండి గొల్లపూడికి బెజవాడ పడమటి బైపాసు వేసిరి. అది నున్నప్రాంతమున మన దారిని కలియుచున్నది. నున్నలోని మామిడిమార్కెట్టు పేరు మీరెరుగుదురు. ఏప్రిలు, మే నెలలలో నూజివీడు, ఆగిరిపల్లి తోటల కాయ అచ్చటికి చేరును. ఉత్తరదేశపు వర్తకులు వచ్చి, గోతాముపట్టలమీద రాసులు పోయించి బేరమాడుదురు. ఆ లారీలు ఇకమీదట గుణదలకు వచ్చి, రైలుదారిని, కాలువను దాటి, పెద్దబాట ఎక్కనక్కరలేదు. నున్నయొద్దనే బైపాసెక్కి హైదరాబాదువైపు మరలవచ్చును. తెల్లవారుజామున గడ్డి పరచిన బండ్లు వరుసగా బుడమేరు దాటి వచ్చిన పడవలరేవు కూడలిలో, ఈ యేటి వేసవిని మామిడికాయ కావలెనన్నచో తోపుడుబండివానిని అడుగవలసినదే.